దేవుడి సినిమా అయితే కర్పూరం, ఫైటింగ్ సినిమా అయితే గోలీసోడా

మాటల్లేని మూకీ సినిమాల కాలంలో చిన్న ఊళ్లలో జనం సినిమాలు ఎలా చూసేవారు, షాపింగ్ ఎలా చేసేవారు అని అడిగారు. మీరు రెండు ప్రశ్నలుగా అడిగారు కానీ మా ఇంట్లో ఈ రెండూ ఒకటే కథ. మా నాయనమ్మ పుట్టింటివాళ్లకి బందరు కాలవ ఒడ్డున ఒక చిన్న ఊళ్లో కిరాణా కొట్టు ఉండేది. ఆ కొట్టు వెనకాల సంత జరిగే ఖాళీ స్థలంలోనే డేరా సినిమా దిగేది. ఆవిడ చివరిదాకా మా దగ్గరే ఉంది. ఎండాకాలం రాత్రిళ్లు కరెంటు పోయిందంటే మాకు ఇవే కథలు. కాబట్టి పుస్తకాలు చదివి రాసేవాళ్లకంటే ఈ విషయంలో నాకే ఎక్కువ తెలుసని నా నమ్మకం. కాదనేవాళ్లు కింద రాసుకోవచ్చు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పనిగట్టుకుని సినిమాకే బయల్దేరడం మద్రాసు వాళ్లకి చెల్లింది. మన పల్లెటూళ్లలో సంతకి వచ్చినవాళ్లు సినిమా చూశారు, అంతే. సంత లేకపోతే మూకీ సినిమా బెజవాడ దాటి లోపలికి వచ్చేదే కాదు. ఇప్పుడు కింద బట్టల షాపులు, పైన సినిమా హాళ్లు పెట్టి ఇదేదో అమెరికా నుంచి దిగుమతైన ఐడియా అన్నట్టు మాట్లాడుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. నాయనమ్మ వాళ్ల నాన్నకి, అంటే మా ముత్తాతకి, ఈ కిటుకు వందేళ్ల కిందటే తెలుసు. పైగా ఆయన బయటి తిండి లోపలికి తీసుకెళ్లొద్దని ఎవరి సంచీ వెతకలేదు.

చరిత్ర గురించి రెండు ముక్కలు చెప్పి వదిలేస్తాను. మన వాళ్లకి సినిమా చూపించినవాడు బందరులో పుట్టిన రఘుపతి వెంకయ్య. మద్రాసులో ఫోటో స్టూడియో నడుపుకుంటున్న మనిషి, 1910 ప్రాంతంలో బొమ్మతో పాటు రికార్డు మీద శబ్దం కూడా వినిపించే క్రోనోమెగాఫోన్ అనే యంత్రం తెప్పించి, ఊరూరా తిరిగి, సిలోన్, బర్మాల దాకా వెళ్లి బొమ్మలు ఆడించాడు. తర్వాత మద్రాసులో గెయిటీ, క్రౌన్, గ్లోబు హాళ్లు కట్టాడు. ఆయన పేరు మీద ప్రభుత్వం అవార్డు ఇస్తుంటే టీవీలో చూస్తాం, ఆ వెంకయ్య ఎవరు అంటే మాత్రం పదిమందిలో ఒక్కడు కూడా చెప్పలేడు. బెజవాడలో 1921లో మారుతీ హాలు లేచింది. ఆంధ్ర ప్రాంతంలో మొదటి పర్మనెంటు హాలు అదే. 1927లో ప్రభుత్వం సినిమాల సంగతి చూడమని రంగాచారి గారి అధ్యక్షతన ఒక కమిటీ వేస్తే, బ్రిటిష్ ఇండియా మొత్తం మీద తేలిన పర్మనెంటు హాళ్లు సుమారు 300. అందులో మా నాయనమ్మ ఊరి లాంటి ఊరికి వాటా ఎక్కడొస్తుంది? అందుకే డేరాలు.

డేరా ఎప్పుడు పడితే అప్పుడు రాదు. వానాకాలం నల్లరేగడి బురదలో గుంజ పాతితే నిలబడదు. ఎండాకాలం కాలవలు కట్టేస్తారు, పడవలు నడవవు. ఆ ఆయిలింజను, డైనమో, గుడ్డలు, గుంజలు అన్నీ పడవలోనే రావాలి. కాబట్టి సంక్రాంతికి కుప్పలు నూర్చి, జనం చేతిలో నాలుగు గింజలు ఆడుతున్నప్పుడు దిగి, కాలవలు కట్టేలోపు ఎత్తేసేవారు. నేల టిక్కెట్టు అణా, బెంచీ బేడ (రెండణాలు), కుర్చీ పావలా. ఆడవాళ్లకి తడిక అవతల. సాయంత్రం ఎడ్లబండికి బొమ్మలు కట్టి, డప్పులు కొట్టుకుంటూ ఊరంతా తిరిగి నోటీసులు పంచేవారు. వాటిని పిల్లల చేత ఏరించి కొట్లో పెట్టుకుని మా ముత్తాత జీలకర్ర, మిరియాలు పొట్లాలు కట్టేవాడు. కాగితానికి దమ్మిడీ ఖర్చు లేదు.

ఆ రోజుల్లో షాపింగ్ అంటే ఇప్పట్లా తిరిగి, తాకి, ఏరుకోవడం కాదు. అరుగు కింద నిలబడి కావలసింది చెప్పాలి, లోపల్నుంచి తూచి ఇస్తాడు. బెల్లం, చింతపండు వీశెల్లో, ఉప్పు మానికల్లో, కిరసనాయిలు సీసాల్లో. పెద్దిళ్ల ఆడవాళ్లు అసలు కొట్టుకే రారు. గాజులవాడు మలారం భుజాన వేసుకుని, బట్టలవాడు మూట నెత్తిన పెట్టుకుని వాళ్ల గుమ్మంలోకే వెళ్లేవారు. కూలీ జనానికి డబ్బు చూడటమే అరుదు, కూలి గింజల్లోనే ముట్టేది. వడ్లు పోసి ఉప్పు, వడ్లు పోసి నూనె. చిక్కల్లా ఎక్కడంటే డేరావాడు వడ్లు తీసుకోడు. వాడికి అణా కావాలి.

ఇదిగో, మా ముత్తాత బాగుపడింది ఇక్కడే. సంత రోజు దీపాలు పెట్టే వేళకి కొంగుల్లో వడ్లు మూటగట్టుకుని ఆడవాళ్లు కొట్టు ముందు బారులు తీరేవారట. ఆయన వడ్లు కొలిపించుకుని అణా చేతిలో పెట్టేవాడు. తీసుకునేటప్పుడు మానిక మీద కుప్పగా పొయ్యమనేవాడు, ఇచ్చేటప్పుడు ఏదైనా సరే అరచేత్తో అంచుకి సమంగా గీసేవాడు. నాయనమ్మ ఈ సంగతి కాస్త గర్వంగానే చెప్పేది. ఆ మిగులు గింజలతోనే ఆవిడ పెళ్లికి కాసులపేరు చేయించాడని నాకు గట్టి అనుమానం.

అంతటితో ఆగలేదు. డేరా మేనేజరు పొద్దున్నే చుట్టలకి కొట్టుకొస్తే ఆ రాత్రి ఏ బొమ్మో కనుక్కునేవాడు. దేవుడి సినిమా అయితే కర్పూరం, కొబ్బరికాయలు ముందు వరసలో పెట్టేవాడు. దొరల ఫైటింగ్ సినిమా అయితే గోలీసోడాలు, వేయించిన శనక్కాయలు. లెక్క ఎప్పుడూ తప్పేది కాదట, ఒక్కసారి తప్ప.

ఆ శుక్రవారం ఫాల్కే గారి లంకాదహనం అన్నారు. అది 1917 నాటి బొమ్మ. మా వాళ్ల ఊరికి వచ్చేసరికి చాలా ఏళ్లు గడిచింది, నాయనమ్మకి ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు. అయినా ఆంజనేయస్వామి తెర మీద కదులుతాడంటే చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలాయి. మా ముత్తాత బెజవాడ నుంచి పడవలో కొబ్బరికాయలు దింపించాడు. సంతలో కూరగాయల కంటే అవే ఎక్కువ అమ్ముడయ్యాయట. సాయంత్రానికి తడిక అవతల కూర్చున్న ప్రతి ఆడమనిషి ఒళ్లోనూ ఒక కాయ, కొంగున కర్పూరం బిళ్ల. నాయనమ్మ మేనత్త పక్కన కూర్చుంది.

బెజవాడ నుంచి రావలసిన ఫిల్ము పెట్టె రాలేదో, పెట్టెలు మారిపోయాయో, ఆ రాత్రి డేరావాడి దగ్గరున్నది ఎడ్డీ పోలో బొమ్మ. సర్కస్ నుంచి వచ్చిన అమెరికా నటుడు, గుర్రాల మీంచీ రైళ్ల మీంచీ దూకేవాడు, అప్పట్లో మన దక్షిణాది జనానికి ఆయనంటే పిచ్చి. టిక్కెట్లన్నీ తెగిపోయాయి, మేనేజరు నోరు మూసుకుని ఇంజను పెట్టించాడు. తెర పక్కన రేకు గొట్టం పట్టుకుని కథ చెప్పేవాడొకడు ఉండేవాడు, ఆ పక్కనే హార్మోనియం, తబలా. తెర మీద టోపీ పెట్టుకున్న దొర పరుగెడుతున్నాడు. తడిక అవతల్నుంచి "ఆంజనేయుడేడీ?" అని కేక.

ఆ కథ చెప్పేవాడు సామాన్యుడు కాడు. క్షణం ఆలోచించలేదట. "అమ్మలారా, హనుమంతుడు చిరంజీవి! కలియుగంలో దొరల సీమలో అవతరించాడు, ఇదుగో చూడండి!" అని గొట్టంలో అందుకున్నాడు. హార్మోనియం అతను వెంటనే ఆంజనేయ దండకం వాయించాడు. దొర ఒక బండ మీంచి ఇంకో బండ మీదకి దూకాడు. అది సముద్రలంఘనమే అయింది. మేనత్త ముందు వెనకా చూడకుండా కర్పూరం వెలిగించింది. ఆవిణ్ని చూసి పక్కావిడ. చూస్తుండగానే తడిక అవతలంతా హారతులు.

ఆ రోజుల్లో ఫిల్ము నైట్రేటుది. ఒకసారి అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు, మండటానికి కావలసిన ఆక్సిజన్ దాన్లోనే ఉంటుంది. ఊరికే మిషన్లో ఇరుక్కున్నా దీపం వేడికే అంటుకునేది. అలాంటి చోట గడ్డీ గుడ్డా మధ్య కర్పూరం! మిషను తిప్పేవాడు చెయ్యి ఆపేసి "ఆర్పండమ్మా, మీకు దణ్ణం పెడతా" అని ఒకటే అరుపు. మేనేజరు ఇసక బకెట్టుతో తడిక దూకాడు. ఆడవాళ్ల వైపు మగవాడు దూకాడని మగవాళ్లు లేచారు. గ్యాసు లైటు వెలిగింది. అప్పుడు బెంచీల్లోంచి బడిపంతులుగారు లేచి, ఇంతసేపూ తెర మీద ఇంగ్లీషు అక్షరాలు చదువుతూనే ఉన్నాననీ ఇది లంకాదహనం కాదనీ తాపీగా సెలవిచ్చారు. ఇంకేముంది, డేరా పీకినంత పని చేశారు. మర్నాటి రాత్రి అదే టిక్కెట్టు మీద అసలు బొమ్మ చూపిస్తానని ఒట్టు పెట్టాక గానీ మేనేజర్ని వదల్లేదు.

పొద్దున్నే ఆడవాళ్లంతా కొబ్బరికాయలు తీసుకుని కొట్టుకొచ్చారు. "శెట్టిగారూ, కాయలు వెనక్కి తీసుకోండి." మా ముత్తాత తీసుకుంటాడా? "రాత్రికి స్వామి నిజంగా వస్తున్నాడు, ఇంట్లోనే ఉంచుకోండమ్మా. కర్పూరం మాత్రం ఖర్చయిపోయింది కదా, మళ్లీ తీసుకోండి" అన్నాడట.

శనివారం నిజంగానే లంకాదహనం వేశారు. సీతమ్మ జబ్బలు మగవాడి జబ్బల్లా ఉన్నాయని నాయనమ్మకి చిన్నప్పుడే అనుమానం వచ్చిందట. ఆడవాళ్లు వేషాలకి దొరక్క అందులో రాముడు, సీత రెండు వేషాలూ సాళుంకే అనే ఆయనే కట్టాడని నేను కాలేజీ రోజుల్లో చదివి చెబితే, "సీతమ్మవారి గురించి అవేం మాటలురా" అని కసిరింది.

మూకీ అనగానే జనం హాల్లో నిశ్శబ్దంగా కూర్చునేవారని ఊహించుకుంటారు కొందరు. ఇంజను డబడబలు, తబలా, గొట్టం, చంటిపిల్లల ఏడుపులు, చదువొచ్చినవాడు అక్షరాలు పైకి చదవడం, వాడి చుట్టూ పదిమంది "ఏం రాశాడు, ఏం రాశాడు" అనడం. ఒక రీలు వెయ్యి అడుగులు. చేత్తో తిప్పితే పావుగంటో ఇంకాస్తో. డేరావాడి దగ్గర ఉండేది ఒకటే మిషను, రీలు అయిపోయినప్పుడల్లా లైటు వెయ్యాల్సిందే. ఎనిమిది రీళ్ల బొమ్మకి ఏడు ఇంటర్వెల్సు! ప్రతిసారీ మా వాళ్ల కొట్టు కుర్రాళ్లు సోడాలు, శనక్కాయలు పట్టుకుని దూరేవారు. ఇప్పుడు ఒక్క ఇంటర్వెల్‌లో బకెట్టు పేలాలకి నాలుగొందలు గుంజుతున్నారు, వీళ్ల చేతికి ఏడు ఇంటర్వెల్సు ఇస్తే ఇళ్లు రాయించుకుంటారు.

పాత రోజులు బంగారం అనేవాళ్లకి మాత్రం ఒకటి చెప్పాలి. అదే కొట్లో మాలపల్లె నుంచి వచ్చినవాళ్లని అరుగు దగ్గరికి కూడా రానిచ్చేవారు కాదు. దూరంగా నిలబడితే సరుకు పైనుంచి వాళ్ల గుడ్డలో పడేసేవారు. డబ్బులు నేల మీద పెడితే నీళ్లు చల్లి తీసుకునేవారు. మా ముత్తాత కూడా అంతే, నాయనమ్మ దాచలేదు. డేరా నేల క్లాసులో మాత్రం అణా ఇచ్చినవాడల్లా అదే ఇసకలో కూర్చునేవాడట. చీకటి పడ్డాక ఎవడి పక్కన ఎవడున్నాడో చూసేవాడు లేడు. దాని మీద ఊరి పెద్దలు ఒకటి రెండుసార్లు గొణిగారట. డేరావాడు ఈ ఊరివాడు కాదు, వాడికి కావలసింది అణా. గొణుగుడు గొణుగుడుగానే పోయింది.

1931లో టాకీ వచ్చింది. మాట సరిగా వినపడాలంటే రీలు ఒకే వేగంతో తిరగాలి, చేత్తో తిప్పితే కుదరదు. మోటారు, స్పీకర్లు, కొత్త మిషన్లు కావలసి వచ్చాయి. చిన్న డేరావాళ్లు చాలామంది ఆ ఖర్చుకి తట్టుకోలేక చేతులెత్తేశారు. మా ఊరికొచ్చే కథ చెప్పేవాడు హరికథల్లోకి వెళ్లిపోయాడని నాయనమ్మ చెప్పేది. టాకీ డేరాలు దిగడం మొదలయ్యాక మా ముత్తాత కొట్టుకి సోడాల గిరాకీ సగానికి పడిపోయింది. తెర మీద మాట్లాడుతుంటే మధ్యలో లేచి కొనుక్కునేవాడెవడు? టాకీ మీద ఆయన ఫిర్యాదు ఇదొక్కటే. దానికీ విరుగుడు కనిపెట్టాడు, సినిమా పాటల పుస్తకాలు తెప్పించి ఉప్పుబస్తా పక్కన పెట్టాడు. ఆ పాటలు ఆయన ఒక్కటీ వినలేదు. డేరాలో బొమ్మ మారిన మర్నాడే మిగిలిన పుస్తకాలు చించి పొట్లాలు కట్టేసేవాడు.