ఆ కౌంటీలో స్కూలు చూసుకునే ముందు

చిట్టితల్లీ,

వెయివర్ ఉద్యోగం, అదే, వీసా షరతు ప్రకారం ఇండియా తిరిగి వెళ్లకుండా డాక్టర్లు తక్కువున్న ఊళ్లో మూడేళ్లు పనిచేసే ఒప్పందం, ఖాయమైందని నీ మెసేజ్ చూసి పిన్ని, నేను ఎంత సంతోషించామో చెప్పలేను. ఇరవై ఏళ్ల కిందట నేనూ అదే వెయివర్ మీద ఆ వైపే, వెస్ట్ టెక్సాస్‌లో ఒక చిన్న ఊరికి వచ్చినవాణ్ణే. ఆస్పత్రి సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. మనవరాలు తొమ్మిదో క్లాసులోకి వస్తోంది కదా, దాని చదువు గురించే ఈ ఉత్తరం.

ముందు ఒక లెక్క చూసుకో. నీ కాంట్రాక్టు 3 ఏళ్లు, హైస్కూలు 4 ఏళ్లు. ఈ జులైలో చేరితే, నీ గడువు తీరేసరికి దానికి పదకొండో క్లాసు అయిపోతుంది. మనవాళ్లలో చాలామంది ఆ మర్నాడే డాలస్‌కో హ్యూస్టన్‌కో సామాను సర్దేస్తారు. 1997లో వచ్చిన చట్టం ప్రకారం, టెక్సాస్‌లో తన క్లాసులో మొదటి 10 శాతంలో నిలిచిన విద్యార్థికి రాష్ట్ర యూనివర్సిటీల్లో నేరుగా అడ్మిషన్ వస్తుంది. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ (యూటీ) మాత్రం 2026లో చేరేవాళ్ల నుంచి దాన్ని 5 శాతానికి తగ్గించింది. ఆ ర్యాంకు ఏ స్కూలుది ఆ స్కూలుదే. 40 మంది ఉన్న క్లాసులో మూడేళ్లు కష్టపడి రెండో స్థానంలో ఉన్న పిల్లని, డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో వందల మంది పోటీపడే క్లాసులోకి చివరి ఏడు తీసుకెళ్తే ఆ శ్రమంతా ఏమైపోవాలి? అందుకని నాలుగో ఏడు కూడా అక్కడే ఉండగలరా అని అల్లుడుగారితో ఇప్పుడే మాట్లాడు. స్కూలు ఎంపిక దాని తర్వాతే.

ఆ కౌంటీలో, అంటే అక్కడి జిల్లాలో, నాలుగు హైస్కూళ్లు ఉన్నాయని, ఇంటర్నెట్‌లో వాటి రేటింగులు పంపించావు. వాటిని చూసి బెంగపడకు. చిన్న స్కూల్లో ఏడాదికి పాతికమంది పాసవుతారు. ఒక్క పిల్లవాడు మధ్యలో మానేస్తే చాలు, 100 శాతం కాస్తా 96 అవుతుంది. మరుసటి ఏడు మళ్లీ 100. రాష్ట్ర విద్యాశాఖ ఇచ్చే రిపోర్టుల్లో కూడా పిల్లలు మరీ తక్కువగా ఉన్నచోట అంకె బదులు నక్షత్రం గుర్తు (*) పెడతారు, ఎవరి మార్కులో తెలిసిపోకూడదని. కనీసం నాలుగైదేళ్లవి వరుసగా పెట్టుకుని చూస్తేనే ఏమైనా అర్థమవుతుంది.

అసలు అడగాల్సింది వేరే ఉంది. స్కూల్లో కోర్సుల విషయం చూసే కౌన్సిలర్‌ని కలిసి ఈ ఏడాది మాస్టర్ షెడ్యూల్ చూపించమను. కోర్సుల పుస్తకంలో రాసినవి కాదు, ఏ పీరియడ్‌లో ఎవరు ఏం చెబుతున్నారో ఆ కాగితం. కాల్‌క్యులస్, ఫిజిక్స్ నిజంగా నడుస్తున్నాయా? క్లాసులో మనిషి ఉండి చెబుతున్నారా, కంప్యూటర్ ముందు కూర్చోబెడుతున్నారా? ఆ టీచరుకి ఆ సబ్జెక్టులో సర్టిఫికెట్ ఉందా, ఎన్నేళ్లుగా ఉన్నారు? మా అబ్బాయి విషయంలో నేను ఇవి అడగలేదు. పుస్తకంలో ఫిజిక్స్ అని ఉంది, సరేననుకున్నాను. అక్టోబర్‌లో ఆ మాస్టారు వెళ్లిపోయారు. మిగిలిన ఏడాదంతా వాడు సాఫ్ట్‌వేర్ ముందు ఒంటరిగా కూర్చున్నాడు. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి నేనే చెప్పేవాణ్ణి, కళ్లు మూసుకుపోతున్నా. వాడికి అన్యాయం చేశాననే బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

డ్యూయల్ క్రెడిట్ గురించి కూడా అడుగు. దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీతో ఒప్పందం ఉంటే హైస్కూల్లోనే కాలేజీ క్రెడిట్లు వస్తాయి. ర్యాంకు లెక్కలో వాటికి ఎంత బరువు ఇస్తారో, బయటి రాష్ట్రం నుంచి తెచ్చిన ఎనిమిదో క్లాసు ఆల్జీబ్రాని ఎలా లెక్కిస్తారో రాతపూర్వకంగా తీసుకో. హైస్కూల్లో రెండో ఆల్జీబ్రా కోర్సు, ఆల్జీబ్రా 2, లేకుండా ఆ 10 శాతం హక్కు రాదు, అది మర్చిపోకు.

స్టేడియం చూసి మురిసిపోవద్దమ్మా. చమురు ఉన్న చోట్ల స్కూలు భవనాలు ధగధగలాడుతుంటాయి. అలాగని ఆరుగురితో ఫుట్‌బాల్ ఆడే చిన్న స్కూలుని తీసిపారేయొద్దు. పిల్లలు 105 మంది కూడా లేని ఆ స్కూళ్లలో మన పిల్ల బ్యాండ్‌లోనూ ఉంటుంది, టెక్సాస్ స్కూళ్ల మధ్య యూఐఎల్ సంస్థ పెట్టే లెక్కల పోటీలకూ వెళ్తుంది, వ్యవసాయం నేర్పే విద్యార్థి సంఘం ఎఫ్‌ఎఫ్‌ఏలో మేకపిల్లనీ పెంచుతుంది. మావాడికి మాటకారితనం వచ్చింది అక్కడే.

వారానికి నాలుగు రోజులే నడిచే స్కూళ్లు ఆ వైపు చాలా ఉన్నాయి. ఆ శుక్రవారం పిల్ల దగ్గర ఎవరుంటారు? మీరిద్దరూ డ్యూటీలోనే ఉంటారుగా.

ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు ఊరి పేరు నమ్మొద్దు. ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లను నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ హద్దులు కౌంటీ హద్దులతో కలవవు. రోడ్డుకి ఇవతల ఒక డిస్ట్రిక్ట్, అవతల ఇంకొకటి. అడ్రసు చెప్పి డిస్ట్రిక్ట్ ఆఫీసులో అడిగాకే సంతకం పెట్టు. పక్క డిస్ట్రిక్ట్‌లో చేర్పించాలంటే వాళ్లు ఒప్పుకోవాలి, ఒక్కోచోట ఫీజు కూడా ఉంటుంది.

ఏప్రిల్‌లో ఒక మంగళవారం, బుధవారం సెలవు పెట్టుకో. పిల్లని కూడా తీసుకురా. లంచ్ టైములో కెఫెటీరియాలో కాసేపు కూర్చుని, కొత్తగా వచ్చిన పిల్లల పక్కన ఎవరు కూర్చుంటున్నారో చూడనివ్వు. తేదీ చెబితే లబ్బాక్ ఎయిర్‌పోర్ట్‌కి నేను కారు తెస్తాను, నాలుగు స్కూళ్లూ కలిసే చూద్దాం. పిన్ని పులిహోర కట్టిస్తానంటోంది, దారిలో తినడానికి ఏమీ దొరకదు.

నీ బాబాయి