పక్కకు తిరిగి పడుకోనివ్వని తుంటి నొప్పి

ప్రశ్న: నా వయసు 52. ఆరు నెలలుగా కుడి తుంటి బయటివైపు, ఎముక చేతికి తగిలే చోట నొప్పి. ఆ పక్కకు తిరిగి పడుకుంటే కాసేపటికే మెలకువ వస్తోంది. కుర్చీలోంచి లేచాక మొదటి నాలుగడుగులు కుంటుతున్నాను. ఎక్స్‌రేలో కీలు బాగానే ఉందన్నారు. ఒకరు సయాటికా అన్నారు, ఇంకొకరు బర్సైటిస్ అన్నారు. రోజూ కాలిని రెండో కాలి మీదుగా అడ్డంగా లాగి స్ట్రెచింగ్ చేస్తున్నా తగ్గడం లేదు.

జవాబు: ముందు ఆ స్ట్రెచింగ్ ఆపండి. మీ చేతికి తగిలే ఎముక, తొడ ఎముక పైభాగంలోని గ్రేటర్ ట్రోకాంటర్. నడిచేటప్పుడు నడుము ఒక పక్కకు ఒరిగిపోకుండా పట్టుకునే గ్లూటియస్ మీడియస్, గ్లూటియస్ మినిమస్ అనే పిరుదు కండరాల టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే గట్టి తాళ్లు, దానికే అతుక్కుని ఉంటాయి. వాటి మీదుగా ఐటీ బ్యాండ్ అనే గట్టి పట్టీ మోకాలి దాకా దిగుతుంది. కాలు శరీరం మధ్యగీత వైపు జరిగే కొద్దీ ఆ పట్టీ బిగుసుకుని టెండన్లను ఎముకకేసి నొక్కుతుంది. మీ స్ట్రెచింగ్ చేస్తున్నదీ అదే. చేసిన కాసేపు హాయిగా అనిపిస్తుంది, రాత్రికి మళ్లీ మొదలు.

బర్సైటిస్ ఈ నొప్పికి పాత పేరు, ఇప్పుడు గ్లూటియల్ టెండినోపతీ (పిరుదు టెండన్ల జబ్బు) అంటున్నారు. బర్సా అనే చిన్న నీటి తిత్తి కొందరిలో వాచిన మాట నిజమే కానీ, ఎక్కువ మందిలో అసలు ఇబ్బంది టెండన్‌లోనే ఉంటుంది. 40 దాటిన స్త్రీలలో ఇది మరీ ఎక్కువ. సయాటికా (నడుము నుంచి కాల్లోకి దిగే నరం నొప్పి) అయితే నొప్పి సాధారణంగా మోకాలు దాటి పాదం వైపు దిగుతుంది, తిమ్మిరి కూడా ఉండొచ్చు. కీలు అరిగితే గజ్జల్లో నొప్పి, సాక్సు వేసుకోవడానికి వంగలేకపోవడం ఎక్కువగా కనిపిస్తాయి. ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. ఒక వేలు గోడకు ఆనించి, నొప్పి ఉన్న కాలి మీద 30 సెకన్లు నిలబడండి. ఆలోపే తుంటి బయటివైపు మీకు అలవాటైన నొప్పే వస్తే టెండన్‌నే అనుమానించాలి. ఖాయం చేయాల్సింది మాత్రం చేత్తో పరీక్షించే ఫిజియోథెరపిస్టు లేదా డాక్టరే.

ప్రశ్న: ఎడమ తుంటికి ఇదే జబ్బని చెప్పారు. నొప్పి లేని పక్కకే తిరిగి పడుకుంటున్నా తెల్లారేసరికి సలుపుతోంది. ఎందుకు?

జవాబు: పైకాలు జారి ముందుకు, పరుపు మీదికి పడిపోతుంది కాబట్టి. కాలు మధ్యగీత దాటిందంటే నొక్కుడు మొదలైనట్టే. మోకాళ్ల మధ్య చిన్న దిండు పెట్టుకుని సరిపెట్టుకుంటారు చాలామంది. అప్పుడు పాదం కిందికి వాలి తొడ మెలిపడుతుంది. మోకాలి నుంచి చీలమండ దాకా ఆనేంత పొడుగు, తొడ నేలకు సమాంతరంగా ఉండేంత మందం కావాలి. వెల్లకిలా పడుకుని మోకాళ్ల కింద దిండు పెట్టుకుంటే ఇంకా మంచిది.

పగటి అలవాట్లూ అంతే. కాలు మీద కాలు వేసుకోవడం, బరువంతా ఒక కాలి మీద వేసి తుంటి పక్కకు జార్చి నిలబడటం, మోకాళ్లకంటే తుంటి కిందికి దిగే లోతైన సోఫాలు, వీటన్నిటికీ కొన్నాళ్లు సెలవు. ఇవి మానకుండా వ్యాయామాలు ఎన్ని చేసినా, ఒక చేత్తో కట్టి ఇంకో చేత్తో విప్పినట్టే.

ప్రశ్న: ఏ వ్యాయామాలు, ఎన్నిసార్లు చేయాలి? యూట్యూబ్‌లో చూసి చేస్తే నొప్పి పెరిగింది.

జవాబు: నొక్కుడు పడకుండా టెండన్‌కు బరువు అలవాటు చేయడమే ఇందులో కిటుకు. మొదటి రెండు వారాలు కదలిక లేని వ్యాయామం చాలు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పాదాలను తుంటి వెడల్పున పెట్టండి. మోకాళ్లకు కాస్త పైన బెల్టు చుట్టి, తొడలను బయటికి నెట్టండి. పూర్తి బలంలో పావు వంతు చాలు. 10-15 సెకన్లు పట్టి వదలాలి. పూటకు 5 నుంచి 10 సార్లు, రోజుకు రెండు పూటలు.

అది నొప్పి లేకుండా సాగితే బ్రిడ్జ్‌కు వెళ్లండి. అదే భంగిమలో మూడు అంకెలు లెక్కపెడుతూ పిరుదులు పైకెత్తి, మూడు అంకెలకు దించాలి. పదేసి చొప్పున రెండు సెట్లు. తేలికయ్యాక బరువును నొప్పి ఉన్న కాలి మీదికి కొద్దికొద్దిగా మార్చుకుంటూ, చివరికి ఒంటికాలి బ్రిడ్జ్ చేయాలి. దీనితోపాటు ఎత్తయిన కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం. ఆ తర్వాతే ఎలాస్టిక్ బ్యాండ్‌తో పక్కకు అడుగులు వేయడం, వారానికి మూడు రోజులు. రెండో పాదం తెచ్చేటప్పుడు కాళ్లు తుంటి వెడల్పు కంటే దగ్గరకు రాకూడదు.

నొప్పి పెరగడానికి కారణం చాలాసార్లు వ్యాయామం కాదు, చేసే తీరు. లేచేటప్పుడు మోకాలు లోపలికి పడటం, ఒంటికాలి మీద నిలిస్తే నడుము అవతలి పక్కకు కుంగడం, లేదా దాన్ని దాచడానికి ఛాతీ పక్కకు వాల్చడం చూస్తుంటాం. అద్దం ముందు చేస్తే దొరికిపోతాయి. పక్కకు పడుకుని కాలెత్తే వ్యాయామాన్ని మొదట్లోనే చేయిస్తుంటారు. పైకాలు కింద దిండ్లు లేకుండా అది మాకు నచ్చదు, దించిన ప్రతిసారీ కాలు మధ్యగీత దాటుతుంది.

నొప్పిని పదికి మార్కులేసుకోండి. చేసేటప్పుడు మూడు, నాలుగు దాకా ఫర్వాలేదు. ఆ రాత్రి నిద్ర చెడినా, మర్నాటికి నొప్పి మామూలు స్థాయికి దిగకపోయినా మోతాదు ఎక్కువైనట్టు. మానేయకండి, ఒక మెట్టు దిగండి.

ప్రశ్న: ఇంజెక్షన్ వేయించుకుంటే సరిపోదా?

జవాబు: స్టెరాయిడ్ త్వరగా ఉపశమనం ఇస్తుంది, నిలిచేది తక్కువ. ఆస్ట్రేలియాలో 204 మందిపై జరిగి 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనంలో, ఎనిమిది వారాలకు బాగా మెరుగైనవారు జాగ్రత్తలు, వ్యాయామం పాటించిన జట్టులో 77 శాతం, ఇంజెక్షన్ జట్టులో 58 శాతం, ఏమీ చేయక ఆగి చూసినవారిలో 29 శాతం. ఏడాదికి ఇంజెక్షన్ జట్టు 58 దగ్గరే ఉంది, ఏమీ చేయనివారు 52కు చేరుకున్నారు. వ్యాయామ జట్టు 79. నొప్పి వల్ల అసలు వ్యాయామమే మొదలుపెట్టలేనివారికి ఒక ఇంజెక్షన్ ఉపయోగపడొచ్చు. పదేపదే వేయించుకోవడం మాత్రం వద్దు.

ప్రశ్న: నడక మానేయాలా?

జవాబు: అక్కర్లేదు. రాత్రి నొప్పిని పెంచని దూరం ఎంతో చూసుకుని అంతే నడవండి, ఎత్తుపల్లాలు వద్దు. ఊతకర్ర కావాలంటే నొప్పి లేని పక్క చేతిలో పట్టుకోవాలి. మెట్లెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. వ్యాయామానికి కనీసం ఎనిమిది నుంచి పన్నెండు వారాలు గడువివ్వండి. పడ్డాక కాలు మీద బరువు మోపలేకపోయినా, జ్వరంతో నొప్పి వచ్చినా, ఉన్నట్టుండి కుంటు బాగా పెరిగినా ఈ గడువు కోసం ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.