పాపకు భయం, బాబుకు కోపం... పుట్టుకతోనే వచ్చాయా?

ప్రశ్న: మాకు ఆరేళ్ల కవలలు, పాప, బాబు. పాప ప్రతిదానికీ భయపడి నా వెనక దాక్కుంటుంది. బాబు ఏడవనే ఏడవడు, చేతిలో ఉన్నది విసిరికొడతాడు. ‘ఆడపిల్లలు, మగపిల్లలు అంతే’ అంటున్నారు ఇంట్లోవాళ్లు. నిజమేనా డాక్టర్ గారూ?

జవాబు: పుట్టుక పాత్ర లేదనలేం. గర్భంలో ఉన్నప్పటి హార్మోన్ల ప్రభావం బొమ్మల ఎంపికలో కొంత కనిపిస్తుంది. కానీ మీ ఇంట్లోవాళ్లు అనుకున్నంత కాదు. 2005లో జానెట్ హైడ్ అనే మనస్తత్వవేత్త 46 మెటా అనాలిసిస్‌లను (ఒకే అంశంపై జరిగిన ఎన్నో అధ్యయనాల ఫలితాలను కలిపి చేసే విశ్లేషణలను) ఒకచోట చేర్చి చూశారు. స్త్రీ పురుషుల మధ్య కొలిచిన మానసిక తేడాల్లో 78 శాతం స్వల్పం, లేదా దాదాపు సున్నా అని తేలింది.

మీ ప్రశ్నకు దగ్గరగా ఉన్న ప్రయోగం 1976 నాటిది. పెట్టెలోంచి బొమ్మ చటుక్కున లేవగానే ఒక పసిబిడ్డ ఏడ్చే వీడియోను పెద్దవాళ్లకు చూపించారు. ‘బాబు’ అని చెబితే ఆ ఏడుపు కోపంలా, ‘పాప’ అని చెబితే భయంలా తోచింది. బిడ్డ ఒకటే, ఏడుపూ ఒకటే! ఆ ఏడుపుకు మనం పెట్టిన పేరును బట్టే మన స్పందన ఉంటుంది. భయమనుకుంటే ఎత్తుకుంటాం, కోపమనుకుంటే గదమాయిస్తాం. ఏళ్ల తరబడి ఇలా జరిగితే పిల్లలకు అదే అలవాటవుతుంది.

ఒక వారం నోటుపుస్తకంలో రాయండి: ఏం జరిగింది, ఎవరికి, మీ నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఏది. ఇద్దరి పేజీలూ పక్కపక్కన పెట్టుకుంటే తేడా మీకే కనిపిస్తుంది.

పాప జారుడుబల్ల మెట్ల దగ్గర ఆగిపోతే ‘అమ్మో, పడతావ్’ అంటూ ఎత్తుకోకండి. పక్కనే నిలబడి మనసులో పది అంకెలు లెక్కపెట్టండి. అడిగితేనే చేయి అందించండి. రెండు మెట్లెక్కి దిగినా ఫర్వాలేదు, రేపు మూడోది. ప్రతిసారీ ఎత్తుకుంటే, ఎక్కగలనని తెలిసే అవకాశమే పాపకు రాదు.

బాబు విసిరినప్పుడు వస్తువు తీసేసి, ‘విసరకూడదు’ అని ఒక్కసారే చెప్పండి. అప్పుడే ‘ఎందుకు చేశావ్?’ అని నిలదీస్తే సమర్థించుకోవడమే నేర్చుకుంటాడు. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. ఊపిరి నెమ్మదించాక ‘కోపమా, బాధా, భయమా?’ అని మూడు మాటలు అందించండి. జవాబు రాకపోతే వదిలేయండి. ‘ఏడువు, ఫర్వాలేదు’ అని బలవంతపెట్టడమూ వద్దు. అంతకంటే, ‘ఇవాళ నాకూ భయమేసింది’ అని ఇంట్లో మగవాళ్లు అనడం వాడి చెవిన పడాలి.

పాప భయంతో బడి మానేస్తున్నా, ఎవరికైనా నిద్ర, తిండి తగ్గినా, నెల దాటినా మార్పు లేకపోయినా పిల్లల మానసిక వైద్యులకు చూపించండి. బాబు తనకో, ఇతరులకో గాయం చేస్తుంటే నెల ఆగకండి. వెళ్లేటప్పుడు ఆ నోటుపుస్తకం వెంట తీసుకెళ్లండి.