ఫిట్‌నెస్ పరీక్షలో వచ్చిన అంకెను ఎంతవరకు నమ్మవచ్చు?

రెండు వారాల తేడాతో చేసిన ట్రెడ్‌మిల్ పరీక్షల్లో గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం (కిలో శరీర బరువుకు నిమిషానికి శరీరం అత్యధికంగా వాడుకోగల ఆక్సిజన్, మిల్లీలీటర్లలో) 42 నుంచి 43కు పెరిగితే అది నిజమైన మెరుగుదలేనా అని అడిగారు. అంత చిన్న తేడాతో అలా చెప్పలేం. ఈ కొలత రోజురోజుకూ కొన్ని శాతం మారడం మామూలే. అందులో పెద్ద వాటా యంత్రానిది కాదు, శరీరానిదే. నిద్ర, గది వేడి, ముందురోజు చేసిన వ్యాయామం, అన్నీ అంకెను కదిలిస్తాయి.

నిలకడ వేరు, కచ్చితత్వం వేరు. ఎప్పుడూ 2 కిలోలు ఎక్కువ చూపే తూకం నిలకడైనదే, కానీ తప్పు. అయినా మార్పును గమనించడానికి అది పనికొస్తుంది.

నాకు అసలు భయం 220 లోంచి వయసు తీసేసే సూత్రంతోనే. 40 ఏళ్ల వ్యక్తికి అది గరిష్ఠ గుండె వేగం 180 అంటుంది. నిజానికి 168 ఉండవచ్చు, 192 ఉండవచ్చు, ఇద్దరూ ఆరోగ్యవంతులే. దానిపై కట్టిన అంచనాలన్నీ ఆ తప్పునే మోస్తాయి.

లాక్టేట్ అంటే కష్టమైన వ్యాయామంలో రక్తంలో పెరిగే పదార్థం. దాన్ని కొలవడానికి వేలి చివర నుంచి రక్తపు చుక్క తీసేటప్పుడు అక్కడి చెమట తుడవకపోతే ఫలితం ఎక్కువగా వస్తుంది, ఎందుకంటే చెమటలోనూ లాక్టేట్ ఉంటుంది. శుభ్రంగా తుడిచి, మొదటి రక్తపు చుక్క వదిలేసి, రెండోది తీసుకోవాలి.

మీరు అదే వేళకు, అదే యంత్రంపై, తగిన విశ్రాంతి తర్వాత మరోసారి పరీక్ష చేయించుకోండి.