మందపాటి 5 రూపాయల బిళ్ల 9 గ్రాములు తూగుతోంది, ఇది మింట్ ఎర్రరేనా (టంకశాలలో పొరపాటున తయారైన నాణెమేనా)?

మీరు అడిగింది ఇది కదా: మీ దగ్గరున్న 1999 నాటి 5 రూపాయల నాణెం 8.96 గ్రాములు తూగింది, తర్వాత వచ్చిన పసుపు బిళ్ల 6 గ్రాములే ఉంది, ఎవరో వీడియోలో ‘హెవీ ఎర్రర్ కాయిన్, లక్షలు పలుకుతుంది’ అన్నారు. ఎర్రర్ కాదండీ. ఆ నాణెం అసలు తూకమే 9 గ్రాములు. 1992లో వచ్చిన రాగి-నికెల్ 5 రూపాయల బిళ్ల 23 మిల్లీమీటర్ల వెడల్పు, 9 గ్రాముల బరువు, అంచు మధ్యలో గాడి. చేతులు మారి అరిగింది కాబట్టి మీది కాస్త తగ్గింది. 2007లో వచ్చిన స్టీలు బిళ్ల, 2009లో వచ్చిన పసుపు నికెల్-ఇత్తడి బిళ్ల అదే వెడల్పులో 6 గ్రాములకు దిగాయి. పక్కపక్కన పెడితే పాతది దిమ్మలా కనిపించడానికి కారణం ఇంతే.

నేను చాలాకాలంగా నాణేలు పోగేస్తున్నాను. ‘బరువైన బిళ్ల’ అంటూ నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఇలాంటివే. 2 రూపాయలదీ అదే కథ: 1982, 1990 నాటివి 8 గ్రాములు, 28 మిల్లీమీటర్లు, 1992 నుంచి వచ్చిన పదకొండు పలకలది 6 గ్రాములు. ఇంకా తికమక పెట్టేది 2006 ఓఎన్‌జీసీ స్వర్ణోత్సవ 5 రూపాయల నాణెం. బొమ్మ ఒకటే, సంవత్సరం ఒకటే, కానీ రాగి-నికెల్‌లోనూ వచ్చింది, స్టీలులోనూ వచ్చింది. ఒకటి 9, ఇంకొకటి 6. అయస్కాంతం దగ్గర పెట్టండి, స్టీలుది అతుక్కుంటుంది. రెండూ సక్రమమైనవే. అందుకే ముందు చూడాల్సింది ఆ సంవత్సరం, ఆ లోహం నాణేనికి సర్కారు పెట్టిన తూకం ఎంత అన్నది. పక్క బిళ్లతో పోల్చి లాభం లేదు.

సరే, పెట్టిన తూకం కన్నా నిజంగానే ఎక్కువుంటే? ముద్ర కొట్టేటప్పుడు నాణేనికి బరువు చేరదు. పిండి ముద్ద ఎంతుందో పూరీ అంతే తూగుతుంది, ఎంత ఒత్తినా పెరగదు కదా. కాబట్టి అదనపు బరువు ముద్రకు ముందే ఉండాలి, లేదా టంకశాల దాటాక ఎవరో చేర్చి ఉండాలి. ముందే ఉందంటే లోహపు రేకు సరిగ్గా పలచబడకుండానే ముద్ర లేని ఉత్త బిళ్లలు కత్తిరించి ఉంటారు, లేదంటే వేరే విలువకు కత్తిరించిన బిళ్ల ఈ అచ్చుల మధ్య పడి ఉంటుంది.

మందం బిళ్ల మీద ముద్ర పడితే గుర్తులు దాచినా దాగవు. వెడల్పు మారదు, ముద్ర పడేటప్పుడు చుట్టూ కాలర్ అనే ఉక్కు కడియం బిగించి ఉంటుంది గనక. లోహం పోవడానికి చోటు లేక బొమ్మలోని సన్నగీతలన్నీ నిండుగా తేలతాయి, అంచు పైన పదునైన పొర లేచి గోటికి తగులుతుంది. వేరే విలువ బిళ్ల అయితే వెడల్పే చెప్పేస్తుంది: 2 రూపాయల బొమ్మ 5 రూపాయలకు కత్తిరించిన 23 మిల్లీమీటర్ల బిళ్ల మీద పడితే చుట్టూ అక్షరాలు తెగిపోతాయి. బరువు ఎక్కువుండి బొమ్మ మసకగా ఉంటే నాకు వెంటనే అనుమానం వస్తుంది.

ఒకసారి ఆదివారం సంతలో ఒకాయన 10.6 గ్రాముల 5 రూపాయల నాణెం చూపించాడు. మందం, మెరుపు, అన్నీ బాగున్నాయి. నాకు తెలిసిన నగల కొట్టుకు తీసుకెళ్లి నీళ్ల పరీక్ష చేశాం. గ్లాసులో నీళ్లు పోసి తక్కెడ మీద పెట్టి సున్నాకు తేవాలి, నాణేన్ని సన్నదారంతో కట్టి అడుగుకు తగలకుండా ముంచాలి. అప్పుడు వచ్చే గ్రాములే దాని ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో. అసలు తూకాన్ని దీంతో భాగిస్తే సాంద్రత తెలుస్తుంది. రాగి-నికెల్‌కు 8.9 దగ్గర రావాలి. 10.6 గ్రాములకు తక్కెడ 1.19 చూపించాల్సింది, 1.27 చూపించింది, అంటే 8.35. మధ్యలో లోహం కానిదేదో ఉందన్నమాట. భూతద్దం పెడితే గాడి లోపలే అతుకు గీత కనిపించింది. రెండు నాణేలను ఒక్కోవైపు అరగదీసి జిగురుతో అంటించారు! అంచు గాడిలో అతుకు దాచిన తెలివి మాత్రం మెచ్చుకోవాల్సిందే. తిరిగి ఇచ్చేశాను, ఆయన పెద్దగా వాదించలేదు కూడా.

ఈ పరీక్షకు 0.01 గ్రాము తేడా పట్టే తక్కెడ కావాలి, వంటింటి తక్కెడతో కుదరదు. దారం ముడి దగ్గర గాలిబుడగలు లేకుండా చూసుకోండి. ఒక మాట: సాంద్రత సరిపోయినంత మాత్రాన ఎర్రర్ అని కాదు, అదే లోహం అని మాత్రమే తెలిసినట్టు. అప్పుడు పైన చెప్పిన అంచు, బొమ్మ గుర్తులు చూడాలి. చింతపండుతో తోమకండి, తోమితే ఉన్న విలువా పోతుంది.

లక్షల సంగతికొస్తే, ‘రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి, మేమే కొంటాం’ అని ఫోన్ వస్తే పెట్టేయండి. రిజర్వు బ్యాంకు తాను ఇలాంటి వ్యాపారమేదీ చేయడం లేదని 2021 ఆగస్టులో ప్రకటనే ఇచ్చింది. మీ 1999 బిళ్లను రద్దు చేయలేదు, కొట్లో ఇస్తే 5 రూపాయలకు చెల్లుతుంది.