నీ కథలో ఆ గంటన్నర ఏమైంది?

చిరంజీవి అమ్మాయికి,

కథ అందింది. రేవు దగ్గర పంటు కోసం ఎదురుచూసే జనాన్ని బాగా రాశావు. మూడో పేజీకి వచ్చేసరికి మాత్రం కాగితాలు బల్ల మీద పడేసి లేచిపోయాను. మేనమామ సంచిలోని గంజాయి చాక్లెట్ మింగీ మింగకముందే మూడేళ్ల పిల్లవాడు నురగలు కక్కుతూ పడిపోయాడన్నావు. డాక్టరు విరుగుడు ఇంజెక్షన్ ఇవ్వగానే లేచి కూర్చున్నాడన్నావు. గంజాయికి అలాంటి విరుగుడు లేదమ్మా.

పొగ పీలిస్తే నిమిషాల్లో తలకెక్కుతుంది. తింటే అరగంట నుంచి రెండు గంటల దాకా పడుతుంది. నీ కథంతా ఆ మధ్యలోనే ఉంది, నువ్వేమో దాన్నే ఎగరగొట్టావు. పిల్లవాడు అరుగు మీద ఆడుకుంటాడు, పెరుగన్నం తింటాడు. తర్వాత నడక తూలుతుంది. నిద్ర వచ్చిందనుకుని తల్లి జోకొడుతుంది. కాసేపటికి లేపితే లేవడు. ఆ తల్లిని రాయి.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు జ్వరం వచ్చిందా, కింద పడ్డాడా, ఇంట్లో మాత్రలేమైనా మింగాడా అని అడుగుతాడు. వేలు గుచ్చి చక్కెర చూస్తాడు. రొమ్ము ఎముక మీద పిడికిలితో రుద్దితే పిల్లవాడు మూలిగి మళ్లీ కళ్లు మూస్తాడు. మెదడువాపేమోనని స్కానింగుకు పంపుతారు, వెన్నులో సూది గుచ్చి నీరు తీస్తారు. చాక్లెట్ కవరు జేబులో పెట్టుకున్న మేనమామ గోడకు ఆనుకుని అంతా చూస్తుంటాడు. ఒక్క మాట చెబితే ఆ సూది తప్పుతుంది. కానీ గంజాయి దగ్గరుంటేనే నేరమన్న 1985 చట్టం అతనికి తెలుసు. చివరికి మూత్రపరీక్షలో బయటపడుతుంది. ఆపైన చేసేదల్లా ఊపిరి కనిపెట్టుకుని ఉండటం, సెలైన్, అవసరమైతే ఆక్సిజన్. పసివాళ్లకు ఆ మత్తు ఒక్కోసారి రోజు దాటినా వదలదు.

పెద్దవాళ్ల సంగతి వేరు. ఎక్కలేదని ఇంకో ముక్క తింటారు. రెండూ కలిసి ఎక్కాక గుండె దడదడలాడి, చచ్చిపోతున్నామని వాళ్లే ఆసుపత్రికి పరుగెత్తుతారు.

కథలతో కడుపు నిండక కోనసీమలో ఒక నర్సింగ్ హోములో కాంపౌండరుగా ఉన్న రోజుల్లో చూశాను. తాత దిండు కింద దాచుకున్న గంజాయి లేహ్యం మనవరాలు తినేసింది. ఇంటిల్లిపాదీ పిల్ల జామచెట్టు మీంచి పడిందన్నారు. తాత మాత్రం తలుపు దగ్గర నిలబడి "పొద్దుటికి లేస్తుందిలెండి" అన్నాడు. పిల్ల కంట్లోకి టార్చి వేస్తున్న డాక్టరు వెనక్కి తిరిగి "నీకెలా తెలుసు?" అన్నాడు.

ఆ ప్రశ్న దగ్గర ఆపి కథగా రాసి ఒక వారపత్రికకు పంపాను. సందేశం లేదని సంపాదకుడు డాక్టరు చేత మత్తుమందుల మీద ఉపన్యాసం ఇప్పించి అచ్చేశాడు. నన్ను మాటవరసకైనా అడగలేదు. ఇప్పటి పోటీల వాళ్లదీ అదే జబ్బు. 'సామాజిక ప్రయోజనం' లేకపోతే కథ గడప దాటనివ్వరు. నువ్వూ వాళ్ల కోసమే రాశావని ఆఖరి పేజీ చూస్తే తెలిసిపోతోంది.

మూడో పేజీ నుంచి మళ్లీ రాసి పంపు. డాక్టరు ఉపన్యాసమున్న ఆ ఆఖరి పేజీ మాత్రం తిరిగి పంపడం లేదు, నా దగ్గరే ఉంచేసుకున్నాను.

ఆశీస్సులతో.