పాత పీఎఫ్ తీసుకున్నా పెన్షన్ సర్వీసు పోదు

ప్రశ్న: కాజీపేట, హనుమకొండ బస్తీల్లో యువజన సంఘాలు, బడి మానేసిన పిల్లల మధ్యే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. 2001 నుంచి 2012 వరకు ఒక స్వచ్ఛంద సంస్థలో చేశాను. అక్కడి పీఎఫ్ అప్పుడే తీసేసుకున్నాను. తరువాత నుంచి ఇప్పటి సంస్థలోనే ఉన్నాను. మూలవేతనం రూ.24,000. కొద్ది నెలల్లో 58 నిండుతాయి. పీఎఫ్ రూ.10 లక్షలు వస్తుంది. గీసుగొండ వైపు ప్లాటు కొనమంటున్నారు. కొననా?

జవాబు: వద్దండి. మందులకు, బియ్యానికి నెలనెలా డబ్బు కావాల్సిన వయసులో ఉన్నదంతా భూమిలో పెట్టకండి.

అంతకంటే ముఖ్యమైన సంగతి మీ 2012 నాటి లెక్క. మీరు తీసుకున్నది పీఎఫ్ సొమ్ము మాత్రమే. పదేళ్లు దాటిన సర్వీసుకు పెన్షన్ వాటా వెనక్కి ఇవ్వరు, మీ పెన్షన్ సర్వీసు ఎంతో తెలిపే స్కీమ్ సర్టిఫికెట్ ఇస్తారు. పాత కాగితాల్లో వెతకండి. దొరకకపోతే ఆ సంస్థ ద్వారా ఫారం 10సి పెట్టి తీసుకోండి. దాన్ని ఇప్పటి సర్వీసుకు కలపాలి. పింఛను లెక్కకు జీతాన్ని 2014 సెప్టెంబరుకు ముందు కాలానికి రూ.6,500, తరువాతి కాలానికి రూ.15,000 పరిమితితో తీసుకుని, సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. ఇప్పటి సంస్థ సర్వీసు ఒక్కటే చూస్తే నెలకు సుమారు రూ.2,750 వస్తుంది. పాతది కలిస్తే 20 ఏళ్లు దాటినందుకు రెండేళ్లు అదనంగా లెక్కేసి, రూ.4,000 చుట్టుపక్కల వస్తుంది. మీ తరువాత మీ భార్యకు అందే పింఛను కూడా దీన్నిబట్టే ఉంటుంది. బస్తీలో ఎంతమందికో ఆసరా దరఖాస్తులు నింపి ఉంటారు, ఈసారి మీ పింఛను దరఖాస్తు ఫారం 10డి నింపుకోండి.

ఉద్యోగం మానేటప్పుడు సర్వీసును బట్టి సంస్థ ఇచ్చే గ్రాట్యుటీ ఊసు మీరు ఎత్తలేదు. స్వచ్ఛంద సంస్థల్లో అది ఉండదన్న మాట నమ్మకండి. పదిమంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులుంటే ట్రస్టులు, సొసైటీలు కూడా చట్టం కిందకే వస్తాయి. ఇప్పటి సంస్థలోని 14 ఏళ్లకు మీకు దాదాపు రూ.1.94 లక్షలు రావాలి. ఇది మీ హక్కు, మొహమాటపడకుండా రాతపూర్వకంగా అడగండి.

పీఎఫ్ చేతికొచ్చిన మూడు నెలల్లోపు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేయండి. మామూలుగా 60 నిండాలి గానీ, రిటైరైన వారికి 55 నుంచే అవకాశం ఉంది. సంస్థ నుంచి పదవీ విరమణ పత్రం తీసుకెళ్లండి. ఇప్పుడున్న 8.2 శాతం వడ్డీతో పది లక్షలకు మూడు నెలలకోసారి రూ.20,500 వస్తుంది. గ్రాట్యుటీ సొమ్ము మాత్రం ఆసుపత్రి ఖర్చులకని బ్యాంకులో విడిగా ఉంచండి.